తవుడుకి కొన్న గొంతు

తవుడమ్మ నోరు విప్పితే విశాఖపట్నం చేపల హార్బరులో కాకులు కూడా కాస్త ఎడంగా కూర్చునేవి. ఆవిడది వేలంపాట. బోట్లు ఒడ్డుకి చేరి, వంజరాలూ చందువాలూ బుట్టల్లో గట్టుమీదకి దిగాక, చుట్టూ మూగిన వ్యాపారస్తుల్లో ఎవరి చూపు ఏ బుట్టమీద ఆగిందో కనిపెట్టడం, ఆ చూపుని పట్టుకుని ధరని పైకి లాగడం ఆవిడ విద్య. ఆడమనిషికి అంత నోరు పనికిరాదని గిట్టనివాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ నోరే లేకపోతే తమ చేప సగం ధరకి పోతుందని బోటువాళ్ళకి తెలుసు కాబట్టి వాళ్ళెప్పుడూ ఆ మాట అనలేదు.

అలాంటి తవుడమ్మ తలలో, సరిగ్గా మాటలు పుట్టేచోట, గడ్డ తేలింది. తియ్యకపోతే మనిషి దక్కదు, తీస్తే మాట దక్కదు. డాక్టరు ఈ సంగతి చెప్పినప్పుడు కూతురు నూకరత్నం ఆసుపత్రి మెట్లమీద కూలబడి ఏడ్చింది. తవుడమ్మ ఏడవలేదు.

"మాట నేకపోతే నానేటి సేస్తాను బాబూ? సేపల పక్కన కూకుని ఇంకో సేపనాగ నోరు తెరవాలా?" అని అడిగింది.

ఊళ్ళోనే ఒక ప్రయోగశాల ఉందనీ, అక్కడ మాటని దాచిపెట్టే పని చేస్తున్నారనీ డాక్టరు చెప్పాడు.

అలా తవుడమ్మ ఇందుమతి చేతికి వచ్చింది. ఇందుమతి ఆ ప్రయోగశాలలో ఇంజనీరు. వాళ్ళు చేసే వస్తువుకి కాగితాలమీద చాంతాడంత పేరుంది గాని, లోపల అందరూ దాన్ని పలుకుపుల్ల అనేవాళ్ళు. చూడ్డానికి మామూలు యు.ఎస్.బి. పుల్లే. కంప్యూటరుకి గుచ్చితే మామూలు డ్రైవులాగే కనిపిస్తుంది. తేడా అంతా కడుపులో ఉంది. అక్కడ జీవకణాలతో పెంచిన చిన్న స్ఫటికం ఉంటుంది. ఆపరేషనుకి ముందు మనిషి తలకి సన్నటి తీగల టోపీ తొడిగి, మెదడు నాలుకకి పంపే ఆజ్ఞలన్నిటినీ అందులోకి పట్టేవారు. గడ్డ తీసేశాక అదే టోపీ తొడిగి, పుల్లలో ఉన్నదాన్ని కొద్దికొద్దిగా చదివి వినిపిస్తూ, మెదడులో పక్కనున్న భాగానికి ఆ పని నేర్పేవారు.

తవుడమ్మకి టోపీ తొడిగిన మొదటిరోజు పెద్ద చిక్కొచ్చింది. చల్లటి గదిలో, తెల్లకోట్ల మధ్య కూర్చోబెట్టి మాట్లాడమంటే, ఆవిడ కోర్టులో సాక్షిలాగ చేతులు కట్టుకుని "అవునండి, కాదండి" అంటూ కూర్చుంది. ఇందుమతి తల పట్టుకుంది. ఇదే పుల్లలోకి ఎక్కితే రేపు ఈవిడకి తిరిగొచ్చేది కూడా ఈ అవునండి కాదండీలే.

"పిన్నీ, పోనీ మీ పని చేసేచోటే తొడుక్కుంటారా?" అంది.

మర్నాటినుంచి తవుడమ్మ టోపీ మీద తువ్వాలు చుట్టుకుని హార్బరులో పాట పాడింది. ఇందుమతి చేపల బుట్టల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో యంత్రం పెట్టుకుని కూర్చుంది. పుల్లలోకి వేలంపాట ఎక్కింది, బేరాలు ఎక్కాయి, నూకరత్నాన్ని తిట్టిన తిట్లూ, వెంటనే "తిన్నావేటే?" అని అడిగిన ముద్దూ అన్నీ ఎక్కాయి. ఇందుమతి ఇంటికెళ్తే వాళ్ళాయన తలుపు దగ్గరే ముక్కు మూసుకునేవాడు. ఆవిడ మాత్రం ఆ వారమంతా ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది.

అయితే ఈ పలుకుపుల్లకి ఒక జబ్బుంది. స్ఫటికాన్ని వెలుగుతో చదవాలి. చదివిన ప్రతిసారీ అది కాస్త వెలిసిపోతుంది, ఎండలో ఆరేసిన రంగుచీరలాగ. మనిషికి తిరిగి నేర్పడానికే దాని ఆయుష్షు బొటాబొటిగా సరిపోతుంది. నకలు తీద్దామంటే నకలు సగమే వస్తుంది, అసలు కాస్తా పోతుంది.

ఈ సంగతి తెలిసేలోపు ఒక మనిషి నష్టపోయాడు. అనకాపల్లిలో లెక్కలు చెప్పి రిటైరైన భుజంగరావు మాస్టారు వాళ్ళ మొదటి రోగి. ఆయన పుల్లకి శుభ్రంగా ఆయన పేరే పెట్టి, అందరికీ కనిపించేలా స్టాండులో గుచ్చారు. తొలికాన్పు పిల్లాణ్ణి చూపించినట్టు వచ్చినవాళ్ళందరికీ చూపించారు. కమిటీలు వచ్చాయి, టీవీవాళ్ళు వచ్చారు, ఊళ్ళో పెద్దమనుషులు వచ్చారు. "ఒక్క నిమిషం, ఇలా తెరిస్తే ఇవన్నీ మాటలన్నమాట" అంటూ ప్రతివాళ్ళకీ తెరిచారు. తీరా నేర్పే సమయానికి పుల్ల ముప్పాతిక వెలిసిపోయి ఉంది. మాస్టారికి అంకెలు మాత్రం తిరిగొచ్చాయి. భార్య పేరు రాలేదు, మంచినీళ్ళు అన్న మాట రాలేదు. ఎవరైనా పలకరిస్తే నవ్వుతూ "పదమూడు" అంటారు, "నలభై ఆరు" అంటారు. వారానికోసారి పరీక్షకి వచ్చి వరండాలో బెంచీమీద కూర్చుంటారు. ఆయన కోపగించుకుని ఉంటే ఇందుమతికి కాస్త సులువుగా ఉండేది.

తరవాత పుల్లలు ఎవరూ తెరవకూడదని రూలు రాసి గోడకి అంటించారు. కాని డైరెక్టరు జి.పి. నాయుడుగారిది మెత్తటి నోరు. వచ్చిన పెద్దమనిషి గట్టిగా అడిగితే కాదనలేరు. ప్రయోగశాల నడిచేదీ ఆ పెద్దమనుషుల దయవల్లే. రూలు గోడమీదే ఉంటుంది, పుల్ల తెరుచుకుంటూనే ఉంటుంది.

ఆపరేషనుకి ముందు సాయంత్రం తవుడమ్మ తన పుల్లని చూడాలని వచ్చింది. ఇందుమతి దానికి పేరు పెట్టే పనిలో ఉంది. ల్యాబులో యంత్రాలన్నీ యూనిక్స్ అనే వ్యవస్థమీద నడుస్తాయి. ప్రతి పుల్లకీ ఒక వాల్యూమ్ పేరుండాలి, పదకొండు అక్షరాలు దాటకూడదు. ఆ పేరు స్ఫటికంలో కాదు, పుల్ల ముందుభాగంలో ఉన్న మామూలు చిప్పులో ఉంటుంది. కాబట్టి పేరు ఎన్నిసార్లు చదివినా ఫరవాలేదు. లోపలికి తొంగి చూస్తేనే అరుగుదల.

"ఏ పేరెడుతున్నావమ్మా?" అంది తవుడమ్మ.

"మీ పేరే పిన్నీ. పక్కన నంబరు."

"వరండాలో కూకునే ఆ మేష్టారి పుల్లకీ ఇలగే సొంత పేరెట్టినారా?"

"అవును."

"అందరూ సూసినారా?"

ఇందుమతి తలూపింది. తవుడమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నాకు తవుడమ్మని ఎందుకెట్టినారో ఎరికేనా? నాకు ముందు ఇద్దరు పుట్టి పోనారు. నాను పుట్టగానే మాయమ్మ నన్ను సూసుకోనేదు. తీసికెల్లి పెంటమీద ఎట్టేసినారు. మా పక్కింటి ఆడమనిషి, ఏటిదీ ఎవులో పారేసినారని సేటలోకి ఎత్తుకున్నాది. అప్పుడు మాయమ్మ ఆవిడికి దోసెడు తవుడిచ్చి నన్ను కొనుక్కున్నాది. తవుడుకి కొన్న ఆడగుంటని ఎవులు సూత్తారు? సావు కూడా సూడదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాది తల్లీ. నా గొంతుకి మంచి పేరెట్టకు. పెంట అని ఎట్టు."

ఇందుమతి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. దిష్టి అన్న మాట ఆవిడ ఇంజనీరింగులో చదువుకోలేదు గాని, చూస్తే అరిగిపోయే వస్తువు లోకంలో మొట్టమొదటిసారి తన చేతిలోనే ఉంది. రూలుని ఎవరూ చదవరు. పేరుని మాత్రం ప్రతివాడూ చదువుతాడు. చూడాలనిపించని పేరు పెట్టమంటోంది ఈవిడ. ఇంతకంటే మంచి తాళం ఎక్కడ దొరుకుతుంది?

స్టాండులో ఉన్న మిగతా పుల్లలన్నీ పీకేసింది. యూనిక్స్ ఒక్కో పుల్లకీ తగిలించే అక్షరం గుచ్చిన వరసనిబట్టి మారుతూ ఉంటుంది. ఒకదానికి పెట్టబోయి ఇంకోదానికి పెడితే కొంప మునుగుతుంది. తరవాత పుల్లని వ్యవస్థలోంచి విడదీసింది. వ్యవస్థ చేతిలో ఉండగా పేరు మార్చకూడదు.

"ఏటి సేస్తున్నావు?"

"దీన్ని ఒకసారి కింద పెట్టాలి పిన్నీ. పేరు పెట్టాక మళ్ళీ ఎత్తుకోవాలి."

"మరదే కదేటి నాను సెప్పింది," అంది తవుడమ్మ. ఇదంతా తనకెప్పుడో తెలుసన్నట్టు తలాడించింది.

ఇంగ్లీషులో ఐదక్షరాలు కొట్టింది ఇందుమతి: పి, ఇ, ఎన్, టి, ఎ. మీట నొక్కింది. పేరు చదివి సరిచూసుకుంది. రిజిస్టరులో రాయబోతుంటే తవుడమ్మ చెయ్యి పట్టుకుంది.

"రాయకు. ఎవులకీ సెప్పకు. ఇది ఉత్తుత్తి పెంటేనని తెలిసిపోతే ఇంక పేరు పనిసెయ్యదు. ఆపరేసనయ్యాక నానే ఒచ్చి తవుడిచ్చి కొనుక్కుంటాను."

సైన్సు చదువుకున్న ఏ మనిషీ చెయ్యని పని ఇందుమతి ఆ సాయంత్రం చేసింది. రిజిస్టరు మూసేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ పోయింది, దాంతోపాటు మాటా పోయింది. తవుడమ్మ మంచంమీద కూర్చుని నోరు తెరిచేది, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. హార్బరంతా వినిపించిన మనిషి, మంచినీళ్ళకోసం గ్లాసుని గోడకి కొట్టి పిలిచేది. నూకరత్నం ఆ చప్పుడు విని పరిగెత్తుకొచ్చేది, నీళ్ళిచ్చి బయటికెళ్ళి కళ్ళు తుడుచుకునేది. గాయం మానాక, దసరా పండగ వెళ్ళగానే నేర్పడం మొదలుపెడదామన్నారు డాక్టర్లు.

పండగకి ముందే ల్యాబుకి ఇంకో కమిటీ దిగింది. అందులో గళ్ళకోటు పెద్దమనిషి ఒకాయన మాట దాచిన పుల్లని కళ్ళారా చూస్తే తప్ప కదలనన్నాడు. నాయుడుగారు చేతులు నలుపుకున్నారు. తెరమీద స్టాండులో ఉన్న పుల్లల పేర్లు వరసగా కనిపిస్తున్నాయి. గళ్ళకోటాయన వేలు ఒక్కో పేరుమీదా పాకుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఇదేమిటి? పెంటా?"

"చెత్త సార్, పనికిరానిది," అంది ఇందుమతి.

ఆయన మొహం చిట్లించి వేలు కిందకి జరిపాడు. ఎప్పటిదో ప్రయోగాల పుల్ల ఒకటి తెరిపించుకుని, ఆహా అని, టీ తాగి వెళ్ళిపోయాడు. అందరూ ఆయన వెనకాలే వెళ్ళారు. నాయుడుగారు మాత్రం ఒక్క క్షణం తెర దగ్గరే నిలబడి ఆ పేరువంక చూశారు. ఇందుమతి ఆ రోజు ఆసుపత్రికెళ్ళి తవుడమ్మ చెయ్యి పట్టుకుని, "మీ పేరు పనిచేసింది పిన్నీ" అంది. తవుడమ్మ మాట లేకపోయినా కళ్ళతోనే, ముందే సెప్పినాను కదేటి, అంది.

ఆయుధపూజ రోజు ఇందుమతి ఆసుపత్రిలోనే ఉంది. నూకరత్నం తెచ్చిన పులిహోర తింటుంటే ల్యాబునుంచి స్టోరు చూసే హైమవతి ఫోను చేసింది.

"పూజకి రావా? డైరెక్టరుగారు పొద్దున్నే వచ్చేసి కూర్చున్నారు. పండగ కదా, పనికిరాని పుల్లలన్నీ తుడిచేస్తానని స్టాండు ముందు వేసుకున్నారు. మమ్మల్నెవర్నీ రానివ్వట్లేదు. పాత నంబర్లవీ, చెత్త అనుకున్నవీ బుట్టనిండా అయ్యాయి."

ఇందుమతి ముద్ద వదిలేసి నాయుడుగారికి ఫోను చేసింది, ఆయన ఎత్తలేదు. రిజిస్టరులో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. లోకం దృష్టిలో ఆ పుల్ల చెత్తే. మంచంమీద తవుడమ్మ ఏమయిందన్నట్టు చూస్తోంది. ఆ చూపుకి జవాబు చెప్పే ధైర్యం లేక ఇందుమతి లేచి పరిగెత్తింది. ఆటోలో దారిపొడుగునా లారీలకి మామిడాకుల దండలు, రోడ్డుమీద పగిలిన గుమ్మడికాయలు. ఊళ్ళో ప్రతి ఇనుపముక్కకీ ఈరోజు దిష్టి తీస్తున్నారు. నేను దిష్టి తగలకూడదని దాచిన వస్తువునే ఈరోజు తుడిచేస్తున్నారు, అనుకుంది ఇందుమతి.

స్టాండు ఖాళీగా ఉంది. నాయుడుగారి కాళ్ళదగ్గర బుట్టలో తుడిచేసిన పుల్లలు కుప్పగా ఉన్నాయి. ఇందుమతి నేలమీద కూర్చుని బుట్టలో చేతులు పెట్టింది.

"సార్, ఇందులో పెంటా అని ఒకటి..."

"అది నువ్వు పెట్టిన పేరేనా?" అన్నారు నాయుడుగారు.

"అవును సార్."

"అందులో లేదు. లే."

పూజకోసం బల్లమీద స్క్రూడ్రైవర్లూ, మీటర్లూ, టంకం పెట్టే కడ్డీలూ పసుపుబొట్లతో పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలో, ఇత్తడి పళ్ళెంలో, ఒక్కటంటే ఒక్క పలుకుపుల్ల ఉంది. దానికి పసుపు పెట్టలేదు. మూతమీద దీపం మసితో నల్లటి చుక్క పెట్టి ఉంది.

ఇందుమతి లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. "తెరిచి చూశారా సార్?"

"చూస్తే ఇంక ఆ పేరెందుకు?" అన్నారాయన. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "పాడైన పుల్లకి మనమెవరం పేరు పెట్టం, నంబరు తగిలించి పడేస్తాం. దీన్ని మాత్రం ఎవరో పనిగట్టుకుని విడదీసి, కూర్చుని పేరు పెట్టారు. నిజంగా పారేసే వస్తువుకి అంత శ్రద్ధ ఎవరు పెడతారమ్మా? ఇది ఎవరో కావాలనుకున్న బిడ్డ అని కమిటీ వచ్చిన రోజే అనుకున్నాను."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఎన్నడూ ల్యాబులో వినిపించని యాసలో అన్నారు:

"జి.పి. అంటే ఏటో నువ్వెప్పుడూ అడగనేదు. గొర్లె పెంటయ్య. నాకు ముందు ముగ్గురు పోనారట. నన్ను పెంటపోగు మీద ఎట్టేసి, ఎదురింటి ముసలమ్మ సేత సేటలో ఎత్తించి కొనుక్కున్నాది మాయమ్మ. సదువుకున్నాక ఆ పేరు రెండు పొడక్షరాల్లో దాసేసినాను. అయినా నన్ను బతికించింది అదే."

ఇందుమతి దేవుణ్ణి పెద్దగా నమ్మే మనిషి కాదు. ఆరోజు మాత్రం మనసులో ఒక దణ్ణం పెట్టుకుంది. శ్రీకాకుళం వైపు ఏదో ఊళ్ళో, ఎప్పుడో పోయిన ఆ ఎదురింటి ముసలమ్మకి.

పండగ వెళ్ళాక టోపీ తొడిగారు. రోజూ కాసేపు. పుల్ల వెలుస్తూ వచ్చింది, తవుడమ్మ మెదడు నేర్చుకుంటూ వచ్చింది. చాలారోజులు ఏమీ కనిపించలేదు. ఒకనాడు నర్సు చప్పటి జావ తెచ్చి ముందు పెడితే, తవుడమ్మ దానివంక చూసి, నర్సువంక చూసి, "ఏటిది?" అంది. నూకరత్నం కిందపడినంత పని చేసి తల్లిని పట్టుకుంది. మిగతా మాటలు కూడా ఆ మాట వెనకాలే వచ్చాయి, ముందు తిట్లు, తరవాత బేరాలు, చేపల పేర్లు. అన్నీ రాలేదు. టోపీ ఉన్నన్నాళ్ళూ జోలపాట పాడలేదు కాబట్టి జోలపాట రాలేదు. నూకరత్నం తను విన్నదాన్ని గుర్తు చేసుకుని తల్లికి ఒక్కో పాదమే నేర్పింది. నాకు పాడినదాన్ని నేను తిరిగి పాడుతున్నాను, ఇంతకంటే ఏం కావాలి అని ఇందుమతితో అంది.

తల వెంట్రుకలు కాస్త పెరిగాక ఒకరోజు తవుడమ్మ చేటలో తవుడు పోసుకుని ల్యాబుకి వచ్చింది. కాస్త బొంగురుపోయింది గాని ఆ గొంతే.

"బాకీ ఉండకూడదు. ఏదీ నా పుల్ల?"

"నేను కాదు పిన్నీ, ఎత్తుకుంది సారు. ఆయన కథ చెప్పాను కదా," అంది ఇందుమతి.

తవుడమ్మ నాయుడుగారి దోసిట్లో తవుడు పోసింది. కోటుమీద పడింది, బూట్లమీద పడింది. "సల్లగా ఉండు పెంటయ్య బాబూ," అంది. వాళ్ళమ్మ పోయాక ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఆయన దోసిలి విప్పకుండా అలాగే నిలబడ్డారు. ఆ తరవాత ఆ ల్యాబులో కొత్తగా తయారైన పుల్లల పేర్లు చూస్తే పెంట, ఎంగిలాకు, బూడిద, తవుడు అనే ఉంటాయి. బయటివాళ్ళు ఎవరూ వాటి జోలికి పోరు.

పుల్ల తీసుకుని వరండాలోకి వచ్చింది తవుడమ్మ. లోపల స్ఫటికం పూర్తిగా తెల్లబడిపోయింది. బెంచీమీద భుజంగరావు మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి నవ్వి, "పదమూడు" అన్నారు.

"మేష్టారికి అంకెలొక్కటే వస్తాయి పిన్నీ," అంది ఇందుమతి, గొంతు తగ్గించి.

"అంకెలొస్తే సాలదేటి?" అంది తవుడమ్మ. చీర చెంగు దోపుకుంది. పుల్లని పైకెత్తింది. అంతే, వరండా వరండా మారుమోగింది. "తెల్లపుల్ల, తెల్లపుల్ల! పెంటమీద దొరికిన పుల్ల, తవుడుకి కొన్న పుల్ల! ఎవులి పాట, ఎవులి పాట?"

మాస్టారి నవ్వు ఆగింది. తలెత్తి చూశారు. "మూడు," అన్నారు.

"మేష్టారి పాట మూడు! మూడుమీద ఎవులు?"

"ఐదు," అన్నారు గుమ్మంలోంచి నాయుడుగారు, చేతుల్లో ఇంకా తవుడుతోనే.

"ఎనిమిది," అన్నారు మాస్టారు. ఆయన లేచి నిలబడ్డారు. మాట పోయిన తరవాత, అడిగిన దానికి ఆయన నోట్లో ఉన్నదే సరైన జవాబు కావడం అదే మొదలు. ఇందుమతి గోడవైపు తిరిగింది, కళ్ళు తుడుచుకుందుకు.

పుల్ల మాస్టారి పాటకే వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న బోట్లు ఒడ్డుకి చేరేసరికి, అనకాపల్లినుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన భుజంగరావు మాస్టారు చేతిసంచీతో వంజరాల బుట్ట పక్కన నిలబడి ఉన్నారు. తవుడమ్మ గొంతు విప్పగానే అందరికంటే ముందు ఆయనే పలికారు.